తాడు ముందు మూరెడు

ఇప్పుడు మొనగాడంటే చొక్కా గుండీలు విప్పుకుని తిరిగేవాడని అర్థం. మా బడి పంతులు అలా చెప్పలేదు. "మొన అంటే కొసరా మొద్దూ! బల్లేనికైనా, సైన్యానికైనా. ఆ కొసన నిలబడేవాడు మొనగాడు. మొదటి దెబ్బ వాడికే," అని, అర్థం బాగా దిగడానికి మొదటి దెబ్బ నాకే వేశాడు.

ఆ మాటను అదే అర్థంలో వాడటం నేను చూసింది మేం పనిచేసిన కోతమిల్లులోనే. నదిలో వచ్చిన దుంగలకు తాడు కట్టి, గట్టు వెంబడి లాగేవాళ్లం. తాడు ముందుకొస పట్టి, దారి చూస్తూ పిలుపు ఇచ్చేవాడే మొనగాడు. బొంగురుగొంతు మామ ఏళ్ల తరబడి ఆ కొస పట్టాడు. ఒక వానాకాలం గట్టు విరిగి నదిలో పోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ తర్వాత కొసను ఎవరూ ముట్టలేదు. ముందు మూరెడు తాడు వదిలేసి, వెనక నుంచి లాగేవాళ్లం. దారి చూసేవాడు లేక దుంగలు అడ్డదిడ్డంగా పోయేవి.

"రేపటికి మొనగాడు లేకపోతే అందరూ ఇళ్లకు పొండి," అన్నాడు మిల్లు గుమాస్తా.

మా బావ మీసం దువ్వాడు. "నేనుంటా."

ఇంటికి రాగానే అక్క విరుచుకుపడింది. "పేరు మిగిలి మనిషి మిగలకపోతే, ఆ పేరుతో కాపురం చెయ్యమంటావా?"

"నీ నోట మంచిమాట రాదే! సాయంత్రానికి వీధంతా నిన్ను మొనగాడి పెళ్లాం అంటుంది, చూడు."

తెల్లారితే పొగమంచు. ముందు బావ, వెనక నేను, నా వెనక మిగతావాళ్లు.

"కొస పట్టుకో బావా."

"పట్టుకున్నా కదరా," అన్నాడు.

తొంగి చూశాను. బావ పిడికిలి దాటి మూరెడు తాడు ఇంకా ఉంది. వేలాడటం లేదు. ఎవరో పట్టుకున్నట్టు మంచులోకి బిగుసుకుని ఉంది.

"హైలెస్సా!"

బావ నోరు మూసుకునే ఉంది. పిలుపు ముందు నుంచి వచ్చింది, బొంగురుగా. అలవాటుకొద్దీ మేం బదులు పలికేశాం. దుంగ దూదిమూటలా కదిలింది.

"వదిలెయ్ బావా!"

"వదిలితే నవ్వుతార్రా."

కొంతదూరం పోయాక ముందున్న తాడు గబుక్కున కిందికి వంగింది, ఎవరో గోతిలో పడ్డట్టు. నేను బావను నడుం పట్టి వెనక్కి లాగాను. ఆయన అడుగు వెయ్యబోయిన చోట నేల లేదు. రాత్రికి రాత్రే గట్టు విరిగిపోయింది. కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

గుమాస్తా కేకలేస్తూ వచ్చాడు. "ఎందుకాగారు? ఎవడ్రా ఇక్కడ మొనగాడు?"

అందరం బావ వంక చూశాం. ఔనంటే చాలు, కోరిన పేరు ఆయనదే.

"నేను రెండోవాణ్ణి బాబూ," అన్నాడు.

"మరి మొదటివాడేడీ?"

గట్టు కిందికి వేలాడుతున్న కొస మెల్లగా లేచింది. నీళ్లోడుతూ నడుమెత్తుకు వచ్చి, బిగిసి నిలబడింది.

గుమాస్తా చెప్పులు అక్కడే వదిలేసి మిల్లుకు పరుగు తీశాడు లెండి. మేం మాత్రం తాడు భుజాలకెత్తుకుని, పిలుపు కోసం నిలబడ్డాం.