మూడు నిమిషాల దీపం

నేను ఒక దీపాల పెట్టెను. కొత్త జోళ్లు పెట్టి ఇచ్చే అట్టపెట్టెంత ఉంటాను. మొహాన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గాజుబిళ్లలు మూడు, వెనక ఒక తీగ, ఆ తీగ చివర మూడు మీటలు. నా ఆస్తి ఇంతే. అయినా ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక నగరంలో చిన్నా పెద్దా అందరి నోళ్లూ మూయించాను. గొప్పలు పోతున్నానని అనుకోకండి, నా ఉద్యోగమే అది.

ఆ నగరం పేరు ఆల్డెన్‌పోర్ట్. అమెరికా నడిమధ్యన, మట్టిరంగు నది ఒకటి పారే చోట ఉంది. రెండు లక్షల జనం. ఒకప్పుడు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలతో కళకళలాడేదట. అవి మూతపడ్డాక ఊళ్లో పనులు తగ్గాయి గానీ, ఊరిని బాగుచేస్తామనే వాళ్లకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు.

నన్ను చేసినవాడు ఎర్ల్ కొవాల్‌స్కీ. నగర వర్క్‌షాపులో ట్రాఫిక్ సిగ్నళ్లు బాగుచేసే మనిషి. కౌన్సిల్ సమావేశాల్లో జనం మాటలకు అడ్డూ ఆపూ లేకుండా పోయిందని ఆయనకు పైనుంచి కబురొచ్చింది. ఎవరో ఒకాయన వీధిలో మంచు ఎత్తించమని మొదలుపెట్టి తన రెండో పెళ్లి దాకా వెళ్లిపోయాడట. గడియారం చూపిస్తే ఎవరూ చూడటం లేదట. ఎర్ల్ తల గోక్కుని, తీసేసిన పాత సిగ్నల్ గాజులు కోసి నన్ను తయారుచేశాడు. దీపం చూసి ఆగడం ఈ ఊరివాళ్లకు అలవాటేనని ఆయన ధీమా. వంద గజాల దూరానికి కనిపించాల్సిన గాజు మరీ కళ్లలో పొడవకుండా లోపల గుడ్డి బల్బులు బిగించాడు. ఆ గాజు సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

మా కౌన్సిల్ పద్ధతి ఇది. ప్రతి మంగళవారం సాయంత్రం అయిదున్నరకు సమావేశం. ఊళ్లో ఎవరైనా వచ్చి చీటీ మీద పేరు రాసి గుమస్తాకు ఇవ్వచ్చు. పేరు పిలిచినప్పుడు మైకు ముందుకొచ్చి మూడు నిమిషాలు మాట్లాడచ్చు. రెండు నిమిషాలు పచ్చ, మూడో నిమిషం పసుపు, ఆపైన ఎరుపు. ఎరుపు వెలిగితే వాక్యం మధ్యలో ఉన్నా సరే, వెళ్లి కూర్చోవాలి. నా మీటలు నొక్కేది కౌన్సిల్ గుమస్తా డోరీన్ మెక్‌కేబ్. ఎడమ చేతిలో స్టాప్‌వాచ్, కుడి చేతిలో నా తీగ పట్టుకుని, తనా పరా అన్న తేడా లేకుండా నొక్కేది. సొంత మరిది మాట్లాడుతుంటే కూడా ఒక్క క్షణం కలపలేదు.

మనుషుల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ మూడు నిమిషాల్లోనే. పచ్చ వెలిగినంతసేపూ తాము ఎన్ని తరాలుగా ఈ ఊళ్లో ఉంటున్నదీ చెబుతారు. పసుపు పడగానే గతుక్కుమని అసలు సంగతి ఎత్తుకుంటారు. ఎరుపు వచ్చేసరికి ఆవేశం వస్తుంది, అప్పుడిక వినేవాళ్లుండరు. ఎదురుగా ఎత్తు బల్ల వెనక కూర్చున్న ఏడుగురు సభ్యులు మాట్లాడే మనిషిని తక్కువ, నన్ను ఎక్కువ చూసేవారు.

ఫ్లాయిడ్ హాచర్ అని ఒకాయన ఉండేవాడు. రాలిన ఆకులు ఎత్తే బండి తన వీధికి సరిగా రావడం లేదని పదకొండేళ్లు, వారం తప్పకుండా వచ్చి చెప్పాడు. ఎండాకాలంలో కూడా ఆకుల గురించే. మూడు నిమిషాల్లో ఒక్క సెకను మిగిల్చి ఎరగడు. ఆయన పేరు పిలవగానే సభ్యుల్లో ఇద్దరు కాఫీకి లేచేవారు.

ఒడెస్సా గ్రైమ్స్ నా ముందుకొచ్చేనాటికి ఆవిడకు డెబ్భై దాటాయి. పూర్వం ఎప్పుడో హైవే వేసినప్పుడు ఆవిడ పేటను నిలువునా రెండు ముక్కలు చేశారు. ఏడుస్తున్న పిల్లల చేతిలో చక్కెర బిళ్ల పెట్టినట్టు, పైన ఒక ఇనుప నడక వంతెన వేసి ఊరుకున్నారు. తూర్పు ముక్కలో ఒడెస్సా ఇల్లు. పడమటి ముక్కలో, ముసలివాళ్ల కోసం కట్టిన మేడలో అయిదో అంతస్తున ఆవిడ తమ్ముడు లూథర్. కాలు జారి పడ్డాక అతనిది చక్రాల కుర్చీ బతుకైంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండచ్చు కదా అంటే, మూడో రోజుకు మాటలుండవని ఇద్దరికీ తెలుసు. అందుకని రోజూ నాలుగున్నరకు ఒడెస్సా సూపు గిన్నె పట్టుకుని వంతెన ఎక్కేది, ఆరు నిమిషాల్లో తమ్ముడి తలుపు తట్టేది. చూపు మసకబారి కారు మానేసింది. ఆ దారిన తిరిగే బస్సును నగరమే మానేసింది.

నది ఒడ్డున స్టేడియం కట్టాలనీ, దానికోసం హైవే వెడల్పు చేయాలనీ, తుప్పుపట్టిన ఆ వంతెన తీసేయాలనీ ప్రతిపాదన వచ్చింది. బాగుచేయించవచ్చు గానీ, ముట్టుకుంటే మెట్లు తీసి చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి వేయాలని చట్టం ఉందట, అదో పెద్ద పనట. కౌన్సిల్ అధ్యక్షుడు వెండెల్ క్రాఫ్ట్ పటం పరిచి, రైలు గేటు దాటి హైవే కింది సొరంగం గుండా వెళ్తే కొద్దిపాటి చుట్టుదారే అన్నాడు. చెడ్డవాడు కాదు. పటం మీద వేలు పెట్టి చూస్తే నిజంగానే జానెడు కూడా లేదు.

ఒడెస్సా అయిదు మంగళవారాలు వచ్చింది. నా దీపాలకు అలవాటుపడి, మాటలు కోసి కోసి, సరిగ్గా రెండు నిమిషాల యాభై సెకన్లకు తెచ్చింది. ఆవిడ చెప్పేది సబబుగానే ఉండేది. సభ్యులు తల ఊపేవారు, తరవాతి పేరు పిలిచేవారు. ఆవిడ కూర్చోగానే నాకే ఏదో తప్పు చేసినట్టుండేది. వంతెన పోతే తమ్ముడు పోయినట్టేనని ఆవిడ ఎన్నడూ అనలేదు. పసుపు వెలిగినప్పుడు బల్ల అంచు పట్టుకునే వేళ్లు మాత్రం నాకు కనబడేవి.

ఇక్కడ క్రాఫ్ట్ గారి తెలివి గురించి చెప్పాలి. సమావేశాలు త్వరగా ముగియాలని అంతకు ముందు సంవత్సరం ఆయనే ఒక నియమం తెచ్చాడు. ఒకే మాట పదిమంది చెప్పే బదులు, ఒకరు తమ మూడు నిమిషాలు ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ఇచ్చినవాళ్లు మాత్రం సభలోనే, చివరిదాకా, నోరు విప్పకుండా కూర్చోవాలి. ఇచ్చేవాళ్లకు లెక్కపెట్టి హద్దు వేయాలని ఎవరికీ తోచలేదు. తమ వంతు మాట ఇంకొకరికి వదులుకునే మనిషిని ఆయన అంతవరకు చూడలేదు మరి.

ఓటింగు రోజు అక్టోబరులో వచ్చింది. ఒడెస్సా ముందే ఒకసారి ఆ చుట్టుదారిన గడియారం పెట్టుకుని నడిచింది. ముప్ఫై తొమ్మిది నిమిషాలు. తన మూడు నిమిషాలు మాటలకే పోతాయి, అంటే ఇంకా పదముగ్గురు కావాలి. పేటలో ఇల్లిల్లూ తిరిగి పదముగ్గురిని ఒప్పించింది. తీరా ఆ సాయంత్రం ఒకామెకు జ్వరం. డోరీన్ బల్ల మీద పన్నెండు చీటీలే పడ్డాయి.

"ముప్ఫై ఆరు చాలదమ్మా," అంది ఒడెస్సా మెల్లిగా. "లూథర్ గుమ్మం కనబడే చోట ఆగిపోతాను."

డోరీన్ ఏమీ చేయలేదు, నియమం నియమమే. వెనక వరసలో తన చీటీ పట్టుకుని ఫ్లాయిడ్ హాచర్ నిలబడి ఉన్నాడు. ఆయన అటూ ఇటూ చూసి, చీటీ మీద తన పేరు కింద ఏదో రాసి, బల్ల మీద పెట్టాడు.

"ఆకులు వచ్చే వారం కూడా రాలతాయిలెండి," అన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్ని ఉపన్యాసాలు విన్నానో! అంతకంటే పెద్ద మాట వినలేదు.

ఒడెస్సా వచ్చి నిలబడింది. తన మూడు నిమిషాల్లో తమ్ముడి గురించి, సూపు గురించి చెప్పింది. ఆ తరవాత, ఇప్పుడు మా ఇంటి నుంచి చుట్టుదారిన బయల్దేరుతున్నానని చెప్పి, ఊరుకుంది.

డోరీన్ ఒకసారి అధ్యక్షుడి వంక చూసి, మళ్లీ పచ్చ మీట నొక్కింది. నాలుగో నిమిషంలో క్రాఫ్ట్ గొంతు సవరించుకున్నాడు.

"గ్రైమ్స్ గారూ, మీరు చెప్పాల్సింది అయిపోయిందా?"

"మాట అయిపోయింది అధ్యక్షా. దారి అవలేదు. ఇంకా పెట్రోలు బంకు దగ్గరే ఉన్నాను."

ఆయన నియమాల పుస్తకం తిరగేశాడు. అందులో తన సంతకమే కనబడింది కాబోలు, మూసేశాడు.

పదో నిమిషంలో ఒడెస్సా, ఇక్కడితో కాలిబాట అయిపోయింది, లారీలు పక్క నుంచే పోతున్నాయి అంది. పద్దెనిమిదో నిమిషంలో రైలు గేటు పడిందంది. సభ్యుల్లో ఒకాయన ఫోను తీశాడు, ఎవరూ మాట్లాడకపోయేసరికి సిగ్గేసి లోపల పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ఆవిడ పటం తీసి, వేలితో ఆ దారిని మొదటినుంచి మెల్లగా దిద్దసాగింది. వెనక వరసలో పదముగ్గురు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. ఫ్లాయిడ్ అంతసేపు నోరు మూసుకోవడం బహుశా పుట్టాక అదే మొదలు. ఇరవై ఎనిమిదికి సొరంగంలో మోకాలెత్తు నీళ్లంది. ఒడెస్సా నిజంగానే మోకాలు నొప్పితో ఒక కాలి మీద నిలబడి ఉంది. ఎవరో కుర్చీ తెస్తే, దారిలో కుర్చీలు లేవని వద్దంది.

నా జీవితంలో అంతసేపు పచ్చగా ఎప్పుడూ వెలగలేదు. ఒళ్లు కాలిపోయింది. అయినా ఆ పూట మాడిపోకూడదని పంతం పట్టాను. చివరి నిమిషంలో డోరీన్ పసుపు నొక్కింది.

"తలుపు తట్టాను," అంది ఒడెస్సా. "సూపు చల్లారిపోయింది."

ఎరుపు వెలగకముందే వెళ్లి కూర్చుంది.

నలుగురు వంతెన ఉండాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. పటం దిద్దిన ఆవిడ అంతవరకు వద్దనే పక్షం. తాను ఆ దారిని పటంలో చూశానే గానీ నడవలేదని మాత్రం చెప్పి, ఉండాలని చెయ్యెత్తింది. క్రాఫ్ట్ వద్దనే అన్నాడు, మాట మీద నిలబడే మనిషి. నెల తిరక్కుండా, నిమిషాలు ఇచ్చేసే ఆ నియమం కూడా రద్దు చేయించాడు.

తరవాత నా కథ చిన్నది. హాలును కొత్తగా తీర్చి, టైము కాగానే మైకు దానంతటదే ఆగిపోయే తెర ఒకటి పెట్టారు. నన్ను కింది గదిలో విరిగిన కుర్చీల మధ్య పడేశారు. పాత సామాను వదిలించుకునే రోజున, అదే నెలలో ఉద్యోగం విరమించిన డోరీన్ నన్ను చంకన పెట్టుకుని తిన్నగా ఒడెస్సా ఇంటికి తీసుకెళ్లింది. ఒడెస్సా గుడ్డి బల్బులు తీసి పెద్దవి వేయించి, వంతెన కనబడే వంటింటి కిటికీలో నన్ను నిలబెట్టింది. నాలుగున్నరకు బయల్దేరే ముందు పచ్చ నొక్కేది. హైవే అవతల అయిదో అంతస్తులో లూథర్ దాన్ని చూసి బల్ల సర్దుకునేవాడు. ఎర్రది దేనికని డోరీన్ అడిగితే, రాలేనని చెప్పడానికని అంది. చాలాకాలం ఆ అవసరం రాలేదు.

అప్పటికి వంతెనకు మెట్లు పోయి చక్కటి వాలుదారి వచ్చింది. దాని మీద ఒక్కసారి రమ్మని ఒడెస్సా తమ్ముణ్ణి ఎన్నిసార్లు అడిగిందో. గాలి ఎక్కువంటాడు, కుర్చీ చక్రం బాగాలేదంటాడు. పడిన రోజు నుంచి ఆరేళ్లుగా ఆ మేడ గుమ్మం దాటని మనిషి. భయమని అనడు, అంతే. ఆవిడ అంత దూరం నిలబడి సాధించిన దారి మీద కుక్కపిల్లలూ సైకిళ్లూ తిరుగుతుంటే చూసి, గిన్నె అందుకునేది.

మార్చిలో ఒక రోజు ఒడెస్సాకు జ్వరం పట్టుకుంది. నాలుగున్నరకు దుప్పటి కప్పుకునే లేచి వచ్చి, కాసేపు నా ముందు నిలబడి, ఎరుపు నొక్కింది. కిటికీ పక్కనే కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంది. నాకు ప్రాణం చివుక్కుమంది. ఈవిడ మాటలు ఎన్నిసార్లు కోయించాను, ఈ పూట గడప కూడా దాటనివ్వలేదే అనుకున్నాను. ఎర్రగా వెలుగుతూ వంతెన వంకే చూస్తున్నాను.

అవతలి కొసన ఏదో కదిలింది. చక్రాల కుర్చీ. గాలికి టోపీ ఒక చేత్తో అదిమిపెట్టుకుని, ఇంకో చేత్తో చక్రం తోసుకుంటూ, నాలుగడుగులకు ఒకసారి ఆగుతూ ఒక ముసలాయన వస్తున్నాడు. ఒళ్లో మూతపెట్టిన గిన్నె.

నా ఎరుపు చూసి ఎంతమంది వెళ్లి కూర్చున్నారో లెక్కలేదు. లేచి బయల్దేరినవాడు లూథర్ ఒక్కడే.