ఫిర్యాదుల పుస్తకంలో అయిదు పురుగులు

పోయిన ఏడాది పదకొండు రోజులు కుట్టుమిషన్లు ఆపి మేం గెలుచుకున్నవి రెండే. ఒకటి, షెడ్డు వెనక పసిపిల్లల గది. రెండోది, ఫిర్యాదుల పుస్తకంలో ఎవరి మాట వాళ్ళ మాటగానే రాయాలి, పైవాళ్ళు ఒక్క అక్షరం దిద్దకూడదు. ఆ రెండో షరతు పట్టుబట్టి పెట్టించింది కాలర్లు కుట్టే నేనే. చివరికి అదే మొదటిదాని పీక మీదికి వచ్చింది.

వానలు మొదలై వారం అయింది. పిల్లల గది పెరట్లో, కుళాయి కింద చెమ్మలో పురుగులు పాకుతున్నాయని ఒకరి తర్వాత ఒకరు గేటు దగ్గరికి వెళ్ళి రాయించారు. రాసేది వాచ్‌మన్ బాబాయ్. ఆయన నిజాయితీకి దండం పెట్టాలి. ఆయా రోకలిబండ అంటే రోకలిబండ అనే రాశాడు. ప్యాకింగ్ వదిన రైలుపురుగు అంది, రాశాడు. వంటామె చుట్టపురుగు అంది. కత్తెర మాస్టరు వెయ్యికాళ్ళది అన్నాడు. ఇస్త్రీ మామ నల్లజెర్రి అన్నాడు. నాలుగు మూలల నుంచి బతకడానికి వచ్చిన జనం, తలా ఒక పేరు తెచ్చుకున్నారు.

సోమవారం సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. పెరట్లోకి తొంగి కూడా చూడలేదు. పుస్తకం చూశాడు.

"అయిదు రకాల పురుగులున్నాయమ్మా. అందులో జెర్రి ఒకటి. ఇక్కడ పసిపిల్లల్ని ఉంచడం కుదరదు. ఈ రోజుతో గది మూసేస్తున్నాం."

"అయిదు కాదు సార్, ఒక్కటే."

"రాయించింది మీవాళ్ళే. దిద్దకూడదని గొడవ చేసింది మీరే."

అబద్ధమైతే ఉతికి ఆరేసేదాన్ని. అది నిజం.

నా పక్కన గుండీల చెల్లి నిలబడి ఉంది. చొక్కాలకి గుండీలు కుట్టే పిల్ల. ఏడాదిన్నర కూతురు ఆ గదిలోనే నిద్రపోతోంది. మొగుడు లేడు, అమ్మ లేదు, ఇంట్లో బిడ్డని చూసే దిక్కు లేదు. గదికి తాళం పడితే ఆ సాయంత్రంతో ఆమె ఉద్యోగం ముగిసినట్టే. ఏడవలేదు. "అక్కా, ఏదో ఒకటి చెప్పు," అంది, అంతే.

"సార్, కాగితం మీద ఎందుకు, నేల మీదే చూద్దాం," అన్నాను. "రాయించిన అయిదుగురినీ విడివిడిగా పిలవండి. ఒకరు చూపించింది ఇంకొకరికి తెలియనివ్వకండి. ఏ పురుగో వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "పావుగంట ఇస్తాను."

కుళాయి పక్కన ఇటుక ఎత్తాను. అడుగున నల్లగా, నున్నగా, వేలంత పొడుగున ఒకటి. దాని పక్కన ఒక వానపాము, నాలుగు చీమలు.

ఆయా వచ్చి చూపించి వెళ్ళింది. "రైలుపురుగు సార్, ఎన్ని పెట్టెలున్నాయో చూడండి," అంది ప్యాకింగ్ వదిన. కత్తెర మాస్టరు వేలు చూపించి పోయాడు. వంటామె పుల్లతో పొడిచింది. అది గుండ్రంగా చుట్టుకుపోయింది. "చూశారా, ఇందుకే ఆ పేరు," అంది.

నాలుగు వేళ్ళూ ఒక్కదాని మీదే. ఇక మిగిలింది ఇస్త్రీ మామ. అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఆయన చూసింది నిజంగా కరిచే జెర్రే అయితే ఆఫీసరు మాటే న్యాయం. ఆ తాళమేదో నేనే వేయాలి.

మామ తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుని వంగాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇదో కాదో చెప్పలేను."

గుండీల చెల్లి పాప పడుకున్న గది వైపు తిరిగింది.

"అదేంటయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"నడుస్తుంటే చెబుతా గానీ, ముడుచుకుని పడుంటే ఏం తెలుస్తుంది సార్? మిమ్మల్ని ముసుగు తన్ని పడుకోబెట్టి గుర్తుపట్టమంటే పడతానా?"

ఇక చేసేదేముంది, కూర్చున్నాం. ఆఫీసరు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. అందరం ఒక పురుగు దయ కోసం ఎదురుచూశాం. పావుగంట దాటింది. ఆయన గడియారం వైపు చూడలేదు. చాలాసేపటికి ఒక కొస కదిలింది. తర్వాత మీసాల్లాంటివి రెండు బయటికొచ్చాయి. మెల్లగా విచ్చుకుని, సన్నటి కాళ్ళన్నీ అలలా కదుపుతూ ఇటుక మీదికి ఎక్కింది.

"ఆ, ఇదే," అన్నాడు మామ. "మా వైపు నల్లజెర్రి అంటాం. పాపం, ఎవర్నీ ఏమీ చేయదు."

"మరి కరిచే జెర్రిని ఏమంటారు?"

"దాన్ని ఏమీ అనం సార్. చెప్పు తీస్తాం."

ఆఫీసరు నవ్వు ఆపుకోలేకపోయాడు. పుస్తకం అడిగి, అయిదు ఫిర్యాదుల కింద నిలబడే రాశాడు: పై అయిదూ ఒకటే. కరవదు. పిల్లలు ముట్టుకుంటే చేతులు కడగాలి. గది నడవవచ్చు. సంతకం పెట్టి పుస్తకం నా చేతికిచ్చాడు. "ఎక్కడా దిద్దలేదు, చూసుకోండమ్మా."

ఆయన గేటు దాటాక గుండీల చెల్లి కుళాయి గట్టు మీద కూలబడింది.

"నువ్వా కళ్ళజోడు తుడిచేలోపు నా ప్రాణం పోయింది మామా."

"నాదీ పోయిందే పిల్లా. బిడ్డలున్న చోటు, తెలియకుండా ఇదేనని ఎలా అంటాను?"

గదిలో పాప లేచి రాగం అందుకుంది. ఆయా కేకేసింది, "నీ కూతురేనమ్మా." నేను వెళ్ళబోతే చెల్లి నా చీర కొంగు పట్టుకుని ఆపింది.

"ఒక్క నిమిషం దాన్ని ఏడవనీ అక్కా," అంది. తడి గట్టు మీద కాళ్ళు బారజాపుకుని, నవ్వుతూ అలాగే కూర్చుంది.