మూడో గది పెంకు

ఓర్వకల్లు రాళ్లగుట్టల వెనక, పాత దొర బంగ్లా కాడ పొద్దున ఏడున్నరకల్లా పని మొదలవుతుంది. పన్నెండు మంది ఆడవాళ్లు ఆటో దిగి, క్యారియర్లు వేపకొమ్మకు తగిలించి, కొంగులు నడుముకు చుట్టి ఎవరి గుంతలో వాళ్లు దిగుతారు. తాపీతో మన్ను గీకాలి, బుట్టకెత్తాలి, జల్లెడ పట్టాలి. జల్లెడలో మేకు మిగిలినా బొత్తాం మిగిలినా కుండపెంకు మిగిలినా సంచిలో వేసి చీటీ కట్టాలి. చీటీ మీద గుంత పేరు, లోతు, తేదీ ఉండాలి. కాలేజీలో పాఠాలు చెప్పే అరుణ్ కుమార్ సారు ఈ తవ్వకానికి పెద్ద. ఆయన మొదటిరోజే ఖరాఖండిగా చెప్పేశాడు. వస్తువు కంటే అది దొరికిన చోటు ముఖ్యం, చీటీ మార్చినవాళ్లు మర్నాటి నుంచి పనికి రానక్కర్లేదు అని.

పదకొండయ్యేసరికి అందరికీ ఆకలి దంచేస్తుంది. అదంతా జీవిత అనే పిల్ల పుణ్యమే. ఆ పిల్ల తవ్వే గుంత దొర వంటిల్లు. అక్కడ దొరికిన పెంకును జీవిత చేతిలోకి తీసుకుని బొటనవేలితో మన్ను తుడిస్తే చాలు, పెంకు వెచ్చబడి, అప్పుడెప్పుడో అందులో వండినదాని వాసన గుప్పున కొడుతుంది. ఒకరోజు కోడికూర. ఒకరోజు నేతిలో వేగిన ఉల్లిగడ్డలు. ఒకరోజు ఎవరికీ పేరు తెలియని తీపి ఏదో. సారు వచ్చి రెండుసార్లు ముక్కు ఎగబీల్చి రిజిస్టర్‌లో రాసుకుంటాడు: వంటిల్లు, పెంకు నూటపన్నెండు, మిరియాల చారు. రాసుకుని ఇంకో గుంత వైపు పోతాడు.

పెంకు పలికింది అంటారు దాన్ని. ఎవరి పెద్దలు వండిన కుండైతే వాళ్ల చేతిలోనే పలుకుతుందని మొదటి వారంలోనే తేలిపోయింది. గుర్రాల సాల తవ్వే భీమమ్మకు ఒకే ఒక్క పెంకు పలికింది, అదీ ఉడికే ఉలవల వాసన. "మావోళ్లు గుర్రాలకు వండినారంటనే!" అని భీమమ్మ రెండ్రోజులు పడీపడీ నవ్వింది. అందరూ నవ్వారు.

విశ్వాసమ్మ నవ్వలేదు. ఆమెకు కడుపు మండిపోతోంది.

మండదూ మరి! ఊళ్లో విశ్వాసమ్మ పుట్టింటివాళ్లను కుసినోళ్లు అంటారు. దొరల కాలంలో వంటింటిని కుసిని అనేవారు. ఆమె ముత్తవ్వకు అవ్వ దీనమ్మ, ఈ బంగ్లాలోనే దొరకు వండిపెట్టిందని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. దొరసానికి దీనమ్మ చెయ్యి పడకపోతే ముద్ద దిగేది కాదట. చర్చిలో పెళ్లయినా, బారసాలయినా, వంట కాడ ఉప్పు చూడమని ముందు పిలిచేది కుసినోళ్లనే. ఇక జీవిత ఎవరు? మేకలు కాసే ఏసేపు కూతురు. తాత తండ్రి పేరేంటంటే ఏసేపు తల గోక్కుంటాడు. ఈ పిల్లకు తాపీ ఎట్లా పట్టుకోవాలో నేర్పించింది కూడా విశ్వాసమ్మే. నేర్పించిన చెయ్యి చల్లగా ఉంది, నేర్చుకున్న చేతిలో కోడికూర ఘుమఘుమలాడుతోంది.

పైగా సారు విశ్వాసమ్మకు ఇచ్చిన గుంత ఏదీ? బంగ్లా వెనక పనోళ్ల లైనులో మూడో గది, చిట్టచివరది, మరుగుదొడ్లను ఆనుకున్నది. దొరల దొడ్లు ఎత్తిపోసేవాళ్లు ఉన్న గది. "నీ చెయ్యి నిదానం విశ్వాసమ్మా, ఆ గది నువ్వే చెయ్యాల" అని సారు మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె చెవికి దొడ్లు అన్న మాటొక్కటే ఎక్కింది. మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు అడిగి తీసుకుంది. రెండు నెలలుగా ఆ గదిలో ఒక్కనాడూ వాటిని విప్పలేదు.

మధ్యాహ్నం అందరూ సంగటి తినేటప్పుడు మాత్రం గ్లౌజులు విప్పి, వంటింటి గుంత కాడికి పోయి, జీవిత కట్టిన సంచులు విప్పి ఒక్కో పెంకూ పట్టుకుని చూసేది. గట్టిగా పిసికేది. నోటితో ఊది వెచ్చజేసేది. మట్టివాసన తప్ప ఇంకేమీ రాలేదు.

"దానికేం తెలుసు చెప్పు? జీలకర్రకూ సోంపుకూ తేడా తెలీదు. దాని చేతిలో పలకడమేంది?" అని ఇంట్లో మొగుడి దగ్గర వెళ్లబోసుకుంది.

హెన్రీ టీవీ మీంచి కన్ను తిప్పలేదు. "ఆడ వాసన సంగతి పక్కనబెట్టు. ఈడ పప్పు మాడుతాండాది, చూసుకోపో."

ఆ వారంలోనే సారు అందర్నీ వేపచెట్టు కిందికి పిలిచాడు. "ఈ బంగ్లాలో ఉన్న దొరల పేర్లన్నీ కాగితాల్లో ఉండాయి. వండిపెట్టినోళ్ల పేరు ఒక్కటి కూడా లేదు. ఈడ బోర్డు పెట్టి ఆ పేరు రాయిస్తాం. శనివారం కర్నూలు నుంచి పెద్దోళ్లొస్తాండారు. జీవితా, నువ్వు మూడు పెంకులు పట్టుకొని చూపించాల. మూడూ ఒకే లోతువి, నూటయాభై ఏండ్ల కిందటి ధాత కరువు నాటివి. ఆలోపల మీ పెద్దావిడ పేరు కనుక్కోని రా."

"దీనమ్మ!" అంది విశ్వాసమ్మ. గొంతు తనకు తెలియకుండానే లేచింది. "వండింది మా దీనమ్మ సారూ. ఊరంతా తెలుసు."

"నాకూ ఆ పేరు రాయాలనే ఉండాది విశ్వాసమ్మా. పెంకు నీ చేతిలో పలకల్యా కదా" అన్నాడు సారు, మెల్లగానే. ఆ మెల్లగా అనడమే ఆమెకు ఎక్కువ కాలింది.

శుక్రవారం సాయంత్రం సంచులు సర్దేటప్పుడు షెడ్డులో ఎవరూ లేరు. శనివారం కోసం తీసిపెట్టిన మూడు పెంకులు పళ్లెంలో ఉన్నాయి. విశ్వాసమ్మ ఒకదాన్ని తీసి జల్లెడ మన్నులోకి తోసేసింది. దాని చీటీని, ఆ పొద్దున తన మూడో గదిలోనే అదే లోతులో దొరికిన మసిబారిన పెంకుకు కట్టి పళ్లెంలో పెట్టింది. దొడ్ల కాడి పెంకు, అదేం పలుకుతుంది? అంతమందిలో జీవిత మొహం వాడిపోవాలి, అంతే ఆమెకు కావలసింది. గ్లౌజులు చేతులకు అట్లాగే ఉన్నాయి. ఒక్క పెంకే కదా అని సర్దిచెప్పుకుంది.

శనివారం షామియానా వేశారు. రెండు జీపుల్లో పెద్దమనుషులు దిగారు. వాళ్లలో భూపేష్ గారని, పాతకాలం దొరల మంచితనం మీద పుస్తకం రాస్తున్న రిటైరైన ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. పనిలేని రోజు కాబట్టి విశ్వాసమ్మ చర్చికి కట్టే నీలంచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని ఆడవాళ్లందరికీ ముందు నిలబడింది.

జీవిత మొదటి పెంకు పట్టుకుంది. కోడికూర. కొబ్బరి వేశారా లేదా అని ఇద్దరు పెద్దమనుషులు కాసేపు వాదించుకున్నారు. రెండోది పట్టుకుంది. ఆ తీపి. భూపేష్ గారు కళ్లు మూసుకుని ఆస్వాదించాడు. మూడోది పట్టుకుంది.

ఏమీ రాలేదు.

జీవిత కొంగుతో తుడిచింది, ఊదింది, చెంపకు ఆనించుకుంది. పెంకు చల్లగానే ఉంది. సారు నొసలు ముడిచాడు. విశ్వాసమ్మ కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది. ఎన్నాళ్లయింది అంత హాయిగా ఊపిరి తీసుకుని!

అప్పుడు జీవిత గబుక్కున వెనక్కి తిరిగింది. ఆ మొహంలో వాడిపోయిన ఛాయే లేదు. "అత్తా, ఇది నీదేమో. పట్టుకో."

"నాకెందుకే?"

"పట్టుకోత్తా. నేను అనుకుంటానే ఉండా, వంటింట్లో మీవోళ్లు గూడా ఉండింటారని. మీరు కుసినోళ్లు కాద్యా!" అని విశ్వాసమ్మ వట్టిచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

పెంకు వెచ్చబడింది. పొయ్యి మీది నుంచి అప్పుడే దించినట్టు వేడెక్కింది. వాసన వచ్చింది. నెయ్యి లేదు, మిరియాలు లేవు. అడుగంటిన గంజి, చింతగింజల పిండి, రవ్వంత ఉప్పు.

"కరువు గంజి ఇది" అంది భీమమ్మ వెనక నుంచి. "మా అవ్వ చెప్తాండె. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, దంచి కాస్తాండిరంట. పిల్లోళ్లు సచ్చిపోకుండా."

సారు మొహం వెలిగిపోయింది. "చీటీ వంటింటిదే. అంటే మీ పెద్దలు కూడా ఆ వంటింట్లో ఉన్నోళ్లే! దీనమ్మ అన్నావు కదా విశ్వాసమ్మా?" అని పెన్ను తీశాడు.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని రోజులు ఎదురుచూసింది ఆ మాట కోసం! పక్కన జీవిత చప్పట్లు కొడుతోంది, నిజంగానే సంతోషంగా. అది చూసి మాత్రం విశ్వాసమ్మ సిగ్గుతో చితికిపోయింది.

అంతలో భూపేష్ గారు కుర్చీలోంచి లేచాడు. "చూశారా! దొర వంటింట్లో కరువు గంజి! జనం మాడిపోతుంటే తను కూడా ఆ గంజే తాగాడన్నమాట మహానుభావుడు. ఈ సంగతి బోర్డు మీద పైన రాయించాలండీ, పేర్లు కింద ఉండొచ్చు."

సారు చీటీ తిప్పి చూశాడు. "చీటీ వంటింటిదే కాబట్టి... అట్లనే అనుకోవాల్సొస్తాది" అని రాయడం మొదలుపెట్టాడు.

పెంకు అంచుల నుంచి చల్లబడుతోంది. విశ్వాసమ్మ పిడికిలి బిగించింది. వాసన పలచబడిపోతోంది. ఇదే కరువులో దొర వంటింట్లో కోడికూర ఉడికింది, తీపి ఉడికింది. ఇందాకే అందరూ వాసన చూశారు కదా! పదడుగుల అవతల, దొడ్ల పక్క గదిలో, దొర దొడ్డి ఎత్తిపోసి చేతులు కడుక్కుని ఒక ఆడమనిషి చింతగింజలు దంచి బిడ్డకు గంజి కాచింది. ఆ బిడ్డ బతికింది. బతకబట్టే ఈ పొద్దు విశ్వాసమ్మ నీలంచీర కట్టుకుని ఇక్కడ నిలబడింది. ఆ ఆడమనిషే దీనమ్మ అయ్యుంటుంది. తర్వాతివాళ్లు ఎవరో సిగ్గుపడి, ఆమెను మూడో గదిలోంచి తీసి వంటింట్లో పెట్టుంటారు. నిన్న తాను చేసిన పనే.

"దొర తాగల్యా!" అని అరిచింది.

సారు పెన్ను ఆగింది.

"దొర తాగల్యా సారూ, ఆ మాట రాయొద్దు! ఈ పెంకు వంటింటిది కాదు. నా మూడో గదిది. చీటీ మార్చింది నేనే. అసలుది జల్లెడ మన్నులోకి తోసేస్తి."

"ఎందుకు మార్చినావు?"

"కడుపుమంట సారూ, ఇంకేముండాది! దాని చేతిలో పలికి నా చేతిలో పలకకపాయె. ఓర్చుకోలేకపోతి. దాని పరువు తియ్యాలని చేస్తి." చెప్తుంటేనే పెంకు మళ్లీ వేడెక్కింది, ఎంతగా అంటే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవాల్సొచ్చింది. గంజి వాసన షామియానా అంతా నిండిపోయింది. భూపేష్ గారు నోట్‌బుక్ మూసి కూర్చున్నాడు.

సారు రాసిన లైను కొట్టేశాడు. ఆయనకు కోపం వచ్చింది, దాచుకోలేదు. "రేపట్నుంచి తవ్వే పనికి రాకు."

"సరే సారూ."

"మూడో గదివి నలభైఒక్క సంచులుండాయి. ఇన్నాళ్లూ గ్లౌజులేసుకొని పట్టుకుంటివి, ఒక్కటి గూడా పలకల్యా. అవి ఇంకెవురి చేతిలోనూ పలకవు. సోమవారమొచ్చి షెడ్డులో కూచొని ఒక్కొక్కటే పట్టుకో. బోర్డు మీద మూడో గదికి దీనమ్మ అని రాస్తా. నీకు సమ్మతమేనా?"

చర్చి జనం సగం మంది అక్కడే ఉన్నారు. విశ్వాసమ్మ ఒకసారి వాళ్లందరినీ చూసింది. "రాయి సారూ. దొడ్లెత్తినాదని గూడా రాయి."

జీపులు వెళ్లిపోయాక షెడ్డు గడపలో కూర్చుని ఆ పెంకుకు సరైన చీటీ రాసింది. జీవిత వచ్చి ఎదురుగా నిలబడింది. తిడుతుందని విశ్వాసమ్మ తలొంచుకుంది. "తిట్టవే. తిట్టినా పడతా."

జీవిత తిట్టలేదు. పెంకు వైపు చూస్తోంది. ఆ చూపు విశ్వాసమ్మ గుర్తుపట్టింది. రెండు నెలలుగా తాను వంటింటి సంచుల వైపు చూసింది ఆ చూపే.

"మా అవ్వ వండిందంతా దొర తిన్నాడత్తా" అంది జీవిత. "నూటముప్పై పెంకులు పట్టుకున్నా. ఒక్కదాంట్లోనన్నా మావోళ్లు తిన్న ముద్ద వాసన రాల్యా. నీకొచ్చినాది. నీకు పేరు గూడా ఉండాది."

విశ్వాసమ్మకు ముందు సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. ఆ తర్వాత జరిగి గడపలో చోటిచ్చి, పెంకున్న అరచెయ్యి చాపింది. జీవిత పక్కన కూర్చుని, వంగి, ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది.

"ఉప్పు సరిపోయిందంటావా అత్తా?"

"కొంచెం తక్కువైనట్టుండాది" అంది విశ్వాసమ్మ. జీవిత మళ్లీ వంగింది. మోచెయ్యి లాగుతున్నా విశ్వాసమ్మ చెయ్యి కదపలేదు.