సత్తిరాజు గారు లేని క్యాసెట్టు

పెళ్లి వీడియోలు తీసుకునేవాడికి డాల్ఫిన్లతో ఏం పని అని నరసాపురంలో ఫణీంద్రను అడగనివాళ్లు లేరు. ఆ పని అంటగట్టింది ఏసురాజు. అతని చెల్లెలి పెళ్లి వీడియో తీసింది ఫణీంద్రే. రెండువేల రెండో సంవత్సరం వేసవిలో ఓ రోజు ఏసురాజు స్టూడియోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, సంగతంతా చెప్పాడు. తాను పనిచేసే పడవ మీద డాల్ఫిన్లను పొడిచి చంపుతున్నారట. ఆ మాంసం ముక్కల్ని సొరచేపలకు ఎరగా కడుతున్నారట. పొడిచే బల్లెం తన చేతికే ఇస్తున్నారట.

"అది ఈల వేసినట్టు అరుస్తుందండి. ఇంటికొచ్చి పడుకున్నా చెవిలో వినపడతానే ఉంటుంది. మీరొచ్చి వీడియో తియ్యండి. చూస్తే ఎవరో ఒకరు ఆపుతారు," అన్నాడు.

ఫణీంద్ర మెతక మనిషి, కాదనలేకపోయాడు. మూడు రోజులు సముద్రం మీద వాంతులు చేసుకుంటూనే అంతా తీశాడు. పడవ పక్కన ఆడుకోవడానికి వచ్చిన మనిషంత ప్రాణిని పొడవడానికి ఎవరికైనా చేతులెలా వస్తాయో గానీ, కడుపు కోసం ఏసురాజుకు వచ్చాయి. కెమెరా వెనక ఫణీంద్ర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

కాకినాడలో మూగజీవాల కోసం ఓ సంస్థ నడుపుతున్న శాంతికుమార్ ఆ డాక్యుమెంటరీ చూసి చాలా బాగుందన్నాడు. వెంటనే అటవీశాఖకు ఇద్దామన్నాడు. ఆ వెంటనే అసలు ఇబ్బందీ చెప్పాడు. ఇందులో బల్లెం పట్టుకుని కనపడేది ఏసురాజే. పడవ యజమాని సత్తిరాజు నీడైనా లేదు. కేసు పెడితే కూలివాడు జైలుకు పోతాడు, యజమాని తనకేమీ తెలియదని చేతులు దులుపుకుంటాడు.

ఫణీంద్ర క్యాసెట్టు వెనక్కి తెచ్చేసుకున్నాడు. నమ్మి పిలిచినవాడి కొంప తన చేత్తో ముంచడం ఎలా? క్యాసెట్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. పది రోజులు అన్నం సయించలేదు.

అయితే ఈ జిల్లాల్లో వీడియో తీశారంటే, అందులో ఎవరున్నారు, ఎవరు లేరన్నది చిన్న సంగతి కాదు. మేనమామ ఒక్కడు క్యాసెట్టులో లేడని రెండేళ్లు మాటలు మానేసిన వియ్యాలవారు ఫణీంద్రకు బాగా తెలుసు. పడవ మీది కూలీలు తాము వీడియోలో ఉన్నామని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట సత్తిరాజు గారి చెవిన పడింది. ఇంకేముంది, మర్నాడు పొద్దున్నే గంజిపెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని స్టూడియోలో ఊడిపడ్డారు.

"పడవ నాది, డీజిల్ నాది, మనుషులు నావాళ్లు. కూలోళ్లందర్నీ తీసి నన్ను వదిలేస్తావా? ఏంటయ్యా నీ ఉద్దేశం?"

 ఫణీంద్ర అబద్ధం చెప్పలేదు. ఇది వేడుక క్యాసెట్టు కాదండి అన్నాడు. డాల్ఫిన్లను చంపడం నేరమనీ, ఇది ఆఫీసర్లకు చూపించడానికి తీసిందనీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సత్తిరాజు గారి బుర్రకు అందులో ఎక్కింది ఆఫీసర్లన్న మాట ఒక్కటే. అంత పెద్దవాళ్ల ముందు ఏసురాజు కనపడి తాను కనపడకపోవడమా! నేరమైతే మాత్రం, తాను చేయించిన పని కూలివాడి ఖాతాలో ఎలా వేస్తారని దబాయించారు. కుర్చీ లాక్కుని కూర్చుని, లైట్లు వెయ్యమన్నారు.

"తియ్యి. ఈ చుట్టుపక్కల డాల్ఫిన్ ఎరతో సొర పట్టించింది మొదట నేనే. ఏసురాజుకి అంత గుండె ఎక్కడిది? వద్దండీ అని రెండుసార్లు నా కాళ్లు పట్టుకున్నాడు. చెయ్యకపోతే పడవ దిగిపొమ్మన్నాను. అప్పుడు చేశాడు."

ఫణీంద్ర ఒక్క మాట పోకుండా తీశాడు. ఆ ముక్కను పాత క్యాసెట్టు చివర కలిపి, శాంతికుమార్ చేత అటవీశాఖకు ఇప్పించాడు.

అటవీశాఖ ఆఫీసులో క్యాసెట్టు వేసిన రోజు సత్తిరాజు గారి వెంట ప్లీడరు కూడా వచ్చాడు. ఏం అడిగినా తెలియదనే చెప్పాలని దారి పొడుగునా నూరిపోశాడు. ఏసురాజు ఓ మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. టీవీలో సముద్రం, పడవ, బల్లెం, నెత్తురు అన్నీ అయ్యాక సత్తిరాజు గారు తెర నిండా కనిపించి, చెప్పాల్సిందంతా చెప్పారు. ఆఫీసరు బొమ్మ ఆపి, ఇందులో ఉన్నది మీరేనా అని అడిగాడు. ప్లీడరు ఆయన కాలు తొక్కాడు. సత్తిరాజు గారు తెర మీది తన ముఖాన్ని తృప్తిగా చూసుకున్నారు.

"నేను కాక ఇంకెవరండీ?" అన్నారు.

ప్లీడరు తల పట్టుకున్నాడు. ఆఫీసరు సత్తిరాజు గారి పేరు మీద కేసు రాసి, ఏసురాజును సాక్షిగా వేసుకుని ఇంటికి వెళ్లమన్నాడు. ఏసురాజు బయటికొచ్చి మెట్ల మీద కూలబడి, నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంక బల్లెం పట్టుకోనక్కర్లేదు కదండీ అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అక్కర్లేదనే చెప్పాడు ఫణీంద్ర.