విశాఖకు సర్దిన పెట్టె

ఆళ్ళగడ్డలో ఫాల్గుణ మాసమంటే తడిబట్ట దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపే కొంగు ఆరిపోయే కాలం. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన మనుషులు వాన ఊరికి పెట్టె సర్దడం ఎంత సొగసుగా ఉంటుందో చూడాలంటే, రెండు వేల ఒకటో సంవత్సరంలో ఓబులేసు ఇంటికి వెళ్ళి ఉండాల్సింది. అతని తల్లి సరస్వతమ్మ ఆ పనికి నడుం కట్టింది. కోడలు మల్లీశ్వరి పక్కన కూర్చుని తల ఊపింది.

ఓబులేసు రాళ్ళలో దేవుళ్ళను చెక్కేవాడు. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఉలి పట్టుకుని కూర్చున్నాడంటే అన్నానికి పిలిచి పిలిచి గొంతు పోవాల్సిందే. విశాఖపట్నంలో ఎవరో కాలనీ వాళ్ళు కట్టుకున్న గుడికి ఆంజనేయస్వామిని చెక్కి లారీలో పంపాడు. ప్రతిష్ఠ నాడు చెక్కినవాడే వచ్చి, చివరి గాటు పెట్టి, విగ్రహానికి కళ్ళు తెరవాలి. ఆ కబురు వచ్చిన రోజు అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా, మల్లీశ్వరి కూడా వస్తుందని, పని అయ్యాక సముద్రం చూసి వస్తామని చెప్పాడు.

మల్లీశ్వరి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పెళ్ళై రెండేళ్ళయినా నంద్యాలలో సినిమాకు కూడా తీసుకెళ్ళని మొగుడు, ఏకంగా సముద్రానికి తీసుకుపోతానంటున్నాడు. వంటింట్లోకి పోయి, ఎవరూ చూడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. ఈ ప్రయాణం తనది, తనొక్కదానిది అనుకుంది. అలా అనుకోవడానికి ఆమెకు కారణం ఉంది.

ఆమె ఓబులేసుకు రెండో పెళ్ళాం. మొదటామె అంజలి కడుపుతో ఉండగా కామెర్లొచ్చి చనిపోయింది. చనిపోయింది గదా అని ఊరుకోవడానికి వీల్లేదు, ఆ ఇంట్లో అంజలి పెత్తనం ఇసుమంత కూడా తగ్గలేదు. మల్లీశ్వరి మెడలో పుస్తెల పక్కన చిన్న బంగారు బిళ్ళ ఒకటి వేలాడుతుంది. దాన్ని సవతమ్మ బిళ్ళ అంటారు. పోయిన పెద్దభార్య అందులో ఉన్నట్టు లెక్క. ఇంట్లోకి ఏ కొత్త బట్ట వచ్చినా ముందు అంజలి ఫోటో కింద పీట మీద పెట్టి, పసుపూ కుంకుమా అంటించి, ఒక పూట ఉంచాలి. అంటే ముందు ఆమె కట్టుకున్నట్టు. ఆ తర్వాతే మల్లీశ్వరి కట్టుకోవాలి. రెండేళ్ళలో ఆమె ఒంటి మీదికి ఇంకొకరు విడవని గుడ్డ ఒక్కటి కూడా రాలేదు. చెబితే నవ్వుతారుగాని, అది లోపల ముల్లులా గుచ్చుకునేది.

వీధిలో పరంజ్యోతి అనే నర్సమ్మ ఉండేది. విశాఖలో చదువుకుని వచ్చిన మనిషి. ఏం తీసుకుపోవాలని అత్తాకోడళ్ళు అడిగితే ఆమె విడమరిచి చెప్పింది. ఇప్పుడు వానలేమిటి అనుకోవద్దంది. ఆ ఊళ్ళో మబ్బు అడక్కుండా వస్తుందని, నూలు చీర తడిస్తే వారమైనా ఆరదని, నైలాను చీరలైతే దులిపితే చాలని చెప్పింది. తోలు చెప్పులు వద్దు, రబ్బరువి వేసుకోమంది. పెట్టెలో అడుగున ప్లాస్టిక్ కవరు పరవమంది. గాలికి తిరగబడని గట్టి గొడుగు కొనుక్కోమంది.

సరస్వతమ్మ అంతా శ్రద్ధగా విని, బిందెడు నీళ్ళు పట్టే క్యాను తెచ్చి పెట్టె పక్కన పెట్టింది. అక్కడ నీళ్ళకేం తక్కువ, ఊరి పక్కనే సముద్రం గదా అని కోడలు అంటే, ఆ నీళ్ళు తాగడానికి పనికిరావని నర్సమ్మ నవ్వింది. సరస్వతమ్మకు నవ్వు రాలేదు.

"అన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క చెంబు తాగలేరా? అదేం ఊరమ్మా, పాపిష్టి ఊరు."

అలా అని, నైలాను మాట పక్కన పెట్టి, ఎండకు కాచుకునే మందపాటి నూలు చీరలే పెట్టెలో కుక్కింది. సెనక్కాయల పొడీ, ఎండబెట్టిన జొన్నరొట్టెలూ వాటి మీద చేరాయి. కొత్తవి ఏవి వచ్చినా ముందు పీట మీదికే పోయాయి. ఓబులేసు కొత్త నల్లగొడుగు తెస్తే దాన్నీ పీట మీద పెట్టి కుంకుమ అద్దింది. గొడుగును కూడా సవతమ్మ వాడాలా అని మల్లీశ్వరి అడిగితే, సరస్వతమ్మ ఫోటో వైపు చూసి గొంతు తగ్గించింది.

"దానికి సముద్రం చూడాలని శానా ఉండె మే. అడిగి అడిగి పాయ. ఈ పొద్దు గొడుగన్నా పట్టుకోనీ."

ఆ మాటకు మల్లీశ్వరికి జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ జాలి కింద ఇంకేదో మండింది. చూడాలనుకున్నది ఆమె, చూడబోయేది నేను, ఇందులోనూ వాటా ఏమిటి అనుకుంది.

మర్నాడు శిరివెళ్ళలో ఉన్న అమ్మను చూసొస్తానని బస్సెక్కి, శిరివెళ్ళలో దిగకుండా నంద్యాలకు పోయింది. అబద్ధాలు చెప్పే అలవాటు లేనిది కాబట్టి బజారంతా తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. నేరేడుపండు రంగు మీద తెల్ల చుక్కలున్న నైలాను చీర ఒకటి కొన్నది. దాన్ని పీట మీద పెట్టలేదు. పసుపు తాకించలేదు. తెచ్చిన వెంటనే అన్ని చీరల కింద, ప్లాస్టిక్ కవరు పొరలో దాచి, పెట్టెకు తాళం వేసింది. తాళంచెవిని పిన్నీసుతో పుస్తెల తాడుకే తగిలించుకుంది. నడుస్తుంటే తాళంచెవి, బిళ్ళ ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యేది. ఆ చప్పుడు ఆమెకు ముద్దుగానే ఉండింది.

ఆ మర్నాడు పొద్దున పొడి డబ్బా ఒకటి పెట్టడానికి పెట్టె తెరిచింది. పై చీరలన్నీ పొడిగా, వెచ్చగా ఉన్నాయి. అడుగున చెయ్యి పెడితే చల్లగా తగిలింది. నేరేడు చీర తడిసి ఉంది. కుచ్చిళ్ళ అంచు పిండితే నీళ్ళు కారేటంతగా తడిసింది.

క్యాను కారిందేమో అనుకుంది. అది గది ఆ మూల ఉంది. గబగబా చీర తీసుకుని పెరట్లో దండెం మీద వేసింది. అది ఆరుతుంటే ఏదో వాసన వచ్చింది. చేపలది కాదు, బురదది కాదు. ఉప్పూ, పచ్చిగాలీ కలిసినట్టు, ఆమె పుట్టాక ఎప్పుడూ ఎరగని వాసన. ఆరిన అంచు మీద తెల్లగా పొడి నిలిచింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది.

అత్తకు తెలిసిపోయిందని, కావాలని ఉప్పునీళ్ళు చల్లిందని మొదట అనుకుంది. కానీ సరస్వతమ్మ మనసులో మాట దాచుకునే మనిషి కాదు. తెలిసి ఉంటే వీధి చివరిదాకా వినిపించేది. పైగా తాళంచెవి తన మెడలోనే ఉంది. మల్లీశ్వరి చీరను కుంకుడు రసంలో జాడించి, ఆరబెట్టి, మడిచి, మళ్ళీ అడుగున పెట్టింది.

ప్రయాణం నాడు తెరిచి చూస్తే మళ్ళీ తడిసి ఉంది. ఈసారి కుచ్చిళ్ళన్నీ మోకాలి దాకా తడిసి, పైన పొడిగా ఉంది. ఎవరో కట్టుకుని నీళ్ళలో నిలబడి వచ్చినట్టు ఉంది. మడత కూడా తను వేసింది కాదు. తను నాలుగు మూలలూ కలిపి మడుస్తుంది. ఇది కొంగు పైకి పెట్టి, పొడుగ్గా మడిచి ఉంది. ఆ మడత ఎవరిదో ఆమెకు తెలుసు. ఇంట్లో బీరువాలో అంజలి పాత చీరలు ఇప్పటికీ అలాగే ఉంటాయి.

పెట్టె ముందే కూలబడింది. భయం వేసింది. బాగా భయం వేసింది. చీర పట్టుకెళ్ళి పీట మీద పెట్టేస్తే సరిపోతుందని తెలుసు. కుంకుమ భరిణె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఫోటోలో అంజలి కోపంగా లేదు, ఎదురుచూస్తున్నట్టు ఉంది. మల్లీశ్వరి చాలాసేపు ఆ కళ్ళలోకి చూసింది.

"ఇది ఇయ్యను" అంది పైకే. "అన్నీ ఇచ్చినా. ఇదొక్కటి నాది."

తడి చీరనే కవరులో చుట్టి, తాళం వేసి, లేచింది. బయట ఓబులేసు త్వరగా రమ్మని పిలుస్తున్నాడు. నంద్యాలలో రైలెక్కి, గుంటూరులో మారి పోయేదాకా ఆమె పెట్టె మీద నుంచి చెయ్యి తీయలేదు. ఓబులేసు దారంతా గొడుగును ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

విశాఖలో నర్సమ్మ చెప్పినట్టే అయింది. దిగడం ఆలస్యం, వాన పట్టుకుంది. ప్రతిష్ఠకు కట్టుకున్న నూలు చీర తడిసి, లాడ్జి గదిలో ఫ్యాను కింద ఆరేసినా బండలా వేలాడింది. పెట్టెలో మిగిలినవి కూడా చెమ్మపట్టి కట్టుకోవడానికి లేకుండా ఉన్నాయి. భయపడుతూ అడుగున చెయ్యి పెట్టింది. నేరేడు చీర మాత్రం పొడిగా, ఆళ్ళగడ్డ ఎండలో ఆరినట్టు వెచ్చగా ఉంది. దులిపితే మడతల్లోంచి ఇసుక రాలింది.

వేరే దారి లేదు. అదే కట్టుకుంది.

వానలోనే ఇద్దరూ ఆటోలో బీచికి పోయారు. దిగగానే గాలి మొహాన కొట్టింది. ఉప్పూ, పచ్చిగాలీ కలిసిన వాసన. పెరట్లో దండెం కింద నిలబడి పీల్చిన వాసన. మల్లీశ్వరి ఆగిపోయింది. తను దాచుకున్న చీరను కూడా అంజలి ముందే కట్టుకుందని, తన కంటే ముందే ఇక్కడికి వచ్చి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వెళ్ళిందని అప్పుడు అర్థమైంది.

ఓబులేసు గొడుగు విప్పి నీళ్ళకు ఎదురుగా నిలబడ్డాడు.

"బిళ్ళ ఉండాదా మెడలో?" అన్నాడు.

"ఉండాది. యాడికి పోతాది?"

"పైకి తియ్యి. కనపడేట్ల పెట్టు."

"ఎవరికి కనపడాల?"

అతను సముద్రాన్నే చూస్తూ చెప్పాడు. "అంజలికి మాటిచ్చింటి. తోడుకొచ్చి చూపిస్తానని. పనుల్లో పడి ఈ నెల, వచ్చే నెల అని జరిపితి. అది పాయ. బిళ్ళ నీ మెడలో ఉండె. అందుకని..."

"అందుకని నన్ను తెస్తివి" అంది మల్లీశ్వరి.

అతను కాదనలేదు. అబద్ధమైనా ఆడి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అత్త నూలు చీరలూ, పొడి డబ్బాలూ, నీళ్ళ క్యానూ సర్దిన పెట్టె ఒకటి, అంజలిని సర్దిన పెట్టె ఇంకొకటి. ఆ రెండోది తను. వంటింట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్న నవ్వు గుర్తొచ్చి, ఒళ్ళంతా సిగ్గుతో, కోపంతో కాలిపోయింది.

ఆమె అరవలేదు. పుస్తెల తాడు ముందుకు లాక్కుని, వానలో జారే వేళ్ళతో ముడి విప్పి, బిళ్ళ ఒక్కటి బయటికి తీసింది. మొగుడి అరచెయ్యి పట్టుకుని అందులో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇదో నీ పెండ్లాం. నువ్వు ఇచ్చిన మాట నువ్వే తీర్చుకో. నేను నా మటుకు చూసుకుంటా."

గొడుగు కిందనుంచి బయటికి నడిచింది. వాన తల మీద, మొహం మీద పడింది. మెడ తేలిగ్గా ఉంది, ఏదో తక్కువైనట్టు కూడా ఉంది. అల వచ్చి కుచ్చిళ్ళు మోకాలి దాకా తడిపింది. చీర ఈసారి తన ఒంటి మీదే తడిసింది. ఆమె సముద్రం చూసింది. ఎంత పెద్దదో, ఎంత పనికిరానిదో, ఎంత బాగుందో చూసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. వానలో ఎవరికీ తెలియదు గదా.

కాసేపటికి ఓబులేసు వస్తున్నాడేమోనని వెనక్కి తిరిగింది. అతను అక్కడే నిలబడి, మూసిన పిడికిలి గుండెకు ఆనించుకుని ఏదో చెబుతున్నాడు. గొడుగు అతని తల మీద లేదు. ఎడమ పక్కకు, పక్కన నిలబడ్డ మనిషికి పట్టినట్టు వంచి పట్టుకున్నాడు. వాన అతన్ని నిలువునా తడుపుతోంది. అతనికది తెలిసినట్టు లేదు.

గాలి వానను ఏటవాలుగా విసిరికొడుతోంది. గొడుగు కిందికి కూడా జల్లు కొడుతోంది. బీచి పొడుగునా ఇసుక తడిసి నల్లబడింది. అతని ఎడమ పక్కన, రెండు పాదాలు పట్టేంత చోట, ఇసుక తెల్లగా, పొడిగా ఉంది.