నాడా ఎక్కించే మనిషి

పొయ్యి మీద ఎసరు పెట్టి పిన్నీసు అందుకున్నాను. బియ్యం ఉడికేలోపు ఎన్ని లంగాలకు నాడా ఎక్కితే అన్ని.

పెళ్లయిన కొత్తలో లంగా మొత్తం నేనే కుట్టేదాన్ని. ఇప్పుడు మా ఆయన జలపతి ఇంటి ముందు షెడ్డు వేసి, ఆరు మిషన్లు వరుసగా పెట్టాడు. ఒకామె ముక్కలు అతుకుతుంది, పక్కామె నడుము పట్టీ వేస్తుంది, హమీదాబీ అంచులు మడుస్తుంది. లంగా పూర్తిగా కుట్టడం ఎవరికీ రానక్కర్లేదు, పనిమంతులకిచ్చే కూలీ ఇవ్వనక్కర్లేదు. సిరిసిల్లలో లంగా ధర అలా దిగింది. వరుస దాటాక గుట్టంతా నా వంటింట్లోకే వస్తుంది. దారాలు తెంపాలి, నాడాలెక్కించాలి, మడతపెట్టాలి.

నాకూ కూలి కట్టమంటే, "కూసోని చేసేదేనాయె" అన్నాడు ఆయన.

"మేము మగ్గానికి కండెలు చుట్టలేదా? ఎవలన్న కూలిచ్చిండ్రా?" అంది అత్త. ఇవ్వలేదని ఆమెకూ కోపమే. ఆ కోపం నా మీద తీర్చుకుంటుంది.

నిన్న సంఘపోళ్లు వచ్చారు. వాళ్ల వెనుక అడవిలో అన్నలున్నారని తెలిసి ఈయన గొంతు తగ్గింది.

"కూలి పెంచాలె. ఎందరు పనిచేస్తున్నరు?"

"ఆరుగురు, అన్నా."

చాయ్ అందించింది నేనే. నా చీర నిండా దారప్పోగులే. వాళ్లూ చూడలేదు. ఆరుగురికీ కూలి పెరిగింది.

ఇవాళ కోరుట్ల నుంచి బేరగాడు బుచ్చయ్య వచ్చి షెడ్డులో కూర్చున్నాడు.

"కూలి పెరిగెనట. ధర గిట్ల పెంచుతవా ఏంది, జలపతీ?"

"ఎందుకు పెంచుత సేటూ! పాత మిషన్ ఇంట్లనే ఉన్నది. అంచులు మా ఆమె కుడుతది. హమీదాబీని మాన్పిస్త. ధర గంతే."

హమీదాబీ మిషన్ ఆగింది. మొగుడు పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ అంచుల మీదే సాకుతోంది. పక్కామెతో అంటున్న మాట వంటింటి దాకా వినిపించింది.

"పైస ఇయ్యకుంట ఫుకట్ల ఇంటామె దొరికినంక మనమెందుకమ్మా!"

నవ్వుతూనే అంది. కానీ అందులోని నిజానికి నా ముఖం మండింది. ఆమె అన్నం లాక్కోవడానికి నన్నే వాడుతున్నాడు, అదీ నన్నడగకుండానే.

పొయ్యిలో కట్టె వెనక్కి లాగాను. లంగాల గుట్ట ఎత్తుకొచ్చి హమీదాబీ పక్కన దించి, అక్కడే కూర్చున్నాను.

"ఏమే, లోపలికి పో. సేటున్నడు" అన్నాడు ఈయన.

"సేటుతోనే పని" అని బుచ్చయ్య వైపు తిరిగాను. "ధర మళ్ల మాట్లాడుకోండ్రి సేటూ. మా ఆయన ఏడో మనిషిని లెక్కల ఏసుడు మర్సిపోయిండు."