గోలెం పక్కన గసగసాల మొక్క

అమ్మ పోయాక మావాళ్లు హైదరాబాదులో కిరాయి ఇల్లు ఖాళీ చేశారు. ఆమె పెరట్లో ఏటా పూసే ఎర్ర గసగసాల విత్తనం చిటికెడు మాత్రం మూటగట్టుకుని సిద్దిపేట తెచ్చుకున్నాను. కూరలోకి నూరే గసాలు కావవి, పూలకోసమే పెంచేవి. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు.

దీపావళి వెళ్లి చలి మొదలవగానే దాన్ని ఇత్తడి పళ్లెంలో సన్న ఇసుకతో కలిపి పెరటి మడిలో చల్లాను. పైన మన్ను కప్పలేదు, అరచేత్తో అదిమానంతే. పళ్లెం నీళ్ల గోలెం పక్కన కడిగాను.

"గింజ కండ్లకు కనబడకపాయె. ఉత్త ఇసుకకు నీళ్లు పెడుతున్నవా, సుమిత్రా?" అని మా అత్తమ్మ లక్ష్మీబాయి నవ్వింది.

మొలకలు దట్టంగా వచ్చాయి. ఇంతలో బెజ్జంకిలో ఆడబిడ్డ బిడ్డను తొట్టెలలో వేస్తున్నారంటే వెళ్లాను. తిరిగొచ్చేసరికి మొలకలన్నీ జానెడు ఎడంతో వరసగా నిలిచి ఉన్నాయి. నిలిచి కాదు, వాలిపోయి.

"మిరపనారు లెక్క ఒకదాని మీద ఒకటి పడ్డయి. నువ్వొచ్చేటాలకు పీకి నాటిపెట్టిన" అంది అత్తమ్మ, నడుము పట్టుకుని లేస్తూ. "పొద్దుమాపు నీళ్లు పోస్తనే ఉన్న. ఎందుకో తలలెత్తుత లేవు."

"ఇవి కదిలిస్తే బతకయి, అత్తమ్మా. మా అమ్మ విత్తనం..."

ఆమె తన మట్టిచేతులు చూసుకుంది.

మడిలో మొలకలన్నీ ఎండిపోయాయి. తర్వాత ఒక పొద్దున ఆమే కేకేసింది. "సుమిత్రా, గీడికి రా! గిది గదేనా?"

పళ్లెం కడిగిన చోట, రాళ్ల సందులో, చీలికల ఆకులతో ఒక్క మొక్క.

"అదే."

"నేను ముట్టలే. సూసి పిలిచిన, అంతే."

చుట్టూ ఇటుకలు పేర్చింది. వాకిట్లో పేడనీళ్లు చల్లే దుర్గవ్వను అటు రానివ్వలేదు.

"గింత మొక్కకు కావలా, దొరసానీ? మా గొడ్ల కొట్టానికి గూడ లేదు!" అంది దుర్గవ్వ.

శివరాత్రి ముందు ఒకే ఒక పువ్వు విచ్చింది. అత్తమ్మ రోజూ పూజకు పెరట్లో పువ్వన్నది మిగల్చదు. ఆ పొద్దున పూలసజ్జతో వచ్చి, చెయ్యి చాపి, ఆగింది.

"తెంపితే గింజ కట్టదు గదా?"

"కట్టదు."

చెయ్యి వెనక్కి తీసుకుంది. "దేవుడు వచ్చే యేడు తీసుకుంటడు తియ్యి" అంటూ మందారం వైపు నడిచింది.

కాయ ఎండి లోపల గింజ గలగలమన్న రోజు, ఆ ఇత్తడి పళ్లెమే తోమి తెచ్చి, కాయ కింద రెండు చేతులా పట్టుకుంది.

"ఊపు" అంది. "మెల్లగ."